తర్వాత నొక్కబోయి

ఆ రోజు పొద్దున లక్ష్మీరాజం పెట్టుకున్న పని చాలా చిన్నది. తొమ్మిదిన్నరకు ఫోన్ పట్టుకోవాలి, మస్కట్‌లో ఉన్న నిరంజన్‌కు వాళ్ల అక్క ముఖం చివరిసారి చూపించాలి, ఆ తర్వాత పాడె లేపాలి. ఈ పని ఆయనకు కొత్త కాదు. ఊళ్లో ఎవరు పోయినా, ఆ ఇంటి మగవాళ్లు గల్ఫ్‌లో ఉంటే, డప్పుల వాళ్లకంటే ముందు లక్ష్మీరాజానికే కబురు వెళ్తుంది.

ఫోన్ పట్టుకుంటే ఆయన చెయ్యి వణకదు, కన్ను తడవదు. ఎండ ఎటు నుంచి పడుతోందో చూసుకుంటాడు. ముఖానికి బంతిపూలు అడ్డం వస్తే జరిపిస్తాడు. ఏడ్చేవాళ్లను కూడా "జర పక్కకు జరుగుర్రి, పిలగానికి తల్లి కనవడ్తలేదు" అని అదిలిస్తాడు. పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్ కూడా అంత పెత్తనం చెయ్యడు. అయినా ఎవరూ ఏమీ అనరు. ఆయన దుబాయిలో ఇటుకలు మోస్తున్న రోజుల్లో ఇక్కడ తండ్రి పోతే, ఆ సంగతి దినాలన్నీ అయిపోయాక గానీ తెలియలేదు. అలాంటి మనిషి చేసే పెత్తనాన్ని ఊరు భరిస్తుంది.

ఈసారి పోయింది ఐలవ్వ. లక్ష్మీరాజానికి పెదనాన్న కూతురు. మొగుడు వదిలేస్తే పుట్టింటికి తిరిగొచ్చి, బీడీలు చుట్టి, తల్లి లేని తమ్ముణ్ని పెంచింది. నిన్న సాయంత్రం బీడీల చాట ఒడిలో ఉండగానే పక్కకు ఒరిగింది. ఆ తమ్ముడే నిరంజన్. వాడు మస్కట్ వెళ్లి నాలుగేళ్లయింది. ఐలవ్వ దగ్గర ఉన్నది బొత్తాల ఫోన్ కాబట్టి అక్కాతమ్ముళ్ల మాటలన్నీ లక్ష్మీరాజం ఫోన్‌లోనే జరిగేవి. "ఎప్పుడొస్తవ్ రా?" అని ఆమె అడిగేది. "తర్వాతొస్త అక్కా" అని వాడు అనేవాడు. వాడు కొత్తగా మార్చిన నంబరు కూడా ఆ ఫోన్‌లోనే ఉంది, ఇంకెక్కడా లేదు.

తల్లి పోతే వాడి కంపెనీ సెలవిస్తుంది, అక్క పోతే ఇవ్వదు. కాళ్లావేళ్లా పడితే మేస్త్రీ పది నిమిషాలు ఇచ్చాడు. ఆ పది నిమిషాల కోసమే లక్ష్మీరాజం తెల్లవారుజామునే లేచి ఫోన్‌ను ఛార్జింగ్‌లో పెట్టాడు.

"బాపు, గీ నెల గూడ అప్‌డేట్ చెయ్యలేదా?" అంది కూతురు సృజన, ఫోన్ చేతిలోకి తీసుకుని. ఆ పిల్ల జగిత్యాలలో డిగ్రీ చదువుతోంది.

"ఇయ్యాల దానికి పనుంది బిడ్డా. తర్వాత చేద్దాం."

"ఏడు నెలలసంది గదే మాట. ఫోన్ల సందులుంటయి బాపు. దొంగలు గా సందులకెళ్లి లోపలికొస్తరు. కంపెనోళ్లు నెలనెల గవి మూసుకుంట వస్తరు. నువ్వేమో తర్వాత, తర్వాత అని నొక్కుతనే ఉన్నవ్."

"రానియ్యి. నా ఫోన్ల చొరవడ్డ దొంగకు ఏం దొరుకుతది? అన్ని పీనిగెలే."

ఆయన భయం ఆయనది. వెనుకటికి ఒకసారి అప్‌డేట్ చేస్తే కెమెరా బొత్తాం చోటు మారింది. ఒక పెద్దమనిషి దహనమంతా లక్ష్మీరాజం తన సొంత ముఖాన్నే చూపించాడు. అవతల కొడుకు మర్యాదస్తుడు, ఏమీ అనకుండా ఆ ముఖాన్ని చూసే ఏడ్చాడు. అప్పటి నుంచి అప్‌డేట్ అంటే లక్ష్మీరాజానికి వణుకు.

తొమ్మిదిన్నరకు ఐలవ్వకు స్నానం చేయించి, పసుపు రాసి, కొత్త చీర కప్పి వాకిట్లో పడుకోబెట్టారు. లక్ష్మీరాజం కాల్ చేశాడు. నెత్తిన ప్లాస్టిక్ టోపీ, వెనకాల ఇనుప చువ్వలు, వాటి మధ్య నిరంజన్ ముఖం కనబడింది.

"అన్నా, అక్క ఏది?"

ఆ ఒక్క మాటకు లక్ష్మీరాజం లోపల ఏదో తెగింది. చిన్నప్పుడు నిరంజన్‌కు కలిపిన ముద్దల్లోంచే ఆమె తనకూ ఒకటి పెట్టేది. ఎన్నో చావుల దగ్గర తడవని కళ్లు ఒక్కసారిగా నిండిపోయాయి. ఫోన్‌ను ఐలవ్వ వైపు తిప్పుతుండగా తెర మీద అడ్డంగా ఒక తెల్లటి డబ్బా వచ్చి పడింది. అందులో ఒకవైపు 'ఇప్పుడే', ఇంకోవైపు 'తర్వాత'. ఏడు నెలలుగా నొక్కుతున్న 'తర్వాత'నే నొక్కబోయాడు. నీళ్లు నిండిన కళ్లకు రెండూ ఒకటిగానే కనబడ్డాయి. బొటనవేలు పక్కకు పడింది.

నిరంజన్ మాయమయ్యాడు. తెర నల్లబడి, మధ్యలో ఒక చక్రం తిరగసాగింది.

"ఏమైంది?" అన్నాడు ముత్తయ్య. కులపెద్ద ఆయన, పాడె ఎప్పుడు లేపాలో చెప్పాల్సింది ఆయనే.

"సందులు మూస్తుంది పెదబాపు," అంది సృజన ఏడుపు గొంతుతో.

"ఇప్పుడా?"

వాకిట్లో జనమంతా ఫోన్ చుట్టూ మూగారు. నూటికి పన్నెండు, పంతొమ్మిది, ముప్పై ఒకటి. వెనక ఉన్నవాళ్లకు ముందున్నవాళ్లు చెబుతున్నారు, వాళ్లు వాకిలి బయట ఉన్న డప్పుల వాళ్లకు చెబుతున్నారు. "కొట్టాల్నా, ఆపాల్నా?" అని వాళ్లు అడిగారు. "జర మెల్లగ కొట్టుర్రి" అన్నాడు ముత్తయ్య. పక్క ఊరి నుంచి వచ్చిన సమ్మవ్వ అనే ముసలమ్మకు ఇదంతా అర్థం కాలేదు.

"నూరైతే ఏమైతది బిడ్డా?"

"ఫోన్ లేస్తది అవ్వా."

"ఫోనే గదా" అని ఆమె మళ్లీ ఏడుపు అందుకుంది.

నూరయ్యేసరికి పది నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. అయినా ఫోన్ లేచింది. లేచి, తొమ్మిది చుక్కలు చూపించి, తాళం గీత గీయమంది. వేలిముద్ర పెడితే ఒప్పుకోలేదు. "కొత్తగ లేసింది గదా బాపు, ఒక్కసారి గీత గీస్తనే తెరుసుకుంటది" అంది సృజన.

ఆ గీత రోజూ ఆయన గీసేదే. కానీ అది తెలిసింది బొటనవేలికి, ఆయనకు కాదు. ఊరంతా వేలి వైపే చూస్తుంటే వేలికి సిగ్గేసినట్టు అయింది. ఎడమ నుంచి కిందికి గీశాడు, తప్పు. పైనుంచి అడ్డంగా, తప్పు. ఐదోసారికి ఫోన్ అలిగి అరనిమిషం ఆగమంది. తలా ఒక సలహా ఇచ్చారు. "సోంచాయించకు, ఎటో చూసుకుంట గియ్యి" అన్నాడొకడు. "పొద్దుగాల చాయ తాగుకుంట గీస్తవ్ గదా" అని ఇంకొకరు చావింట్లో పొయ్యి వెలిగించకూడదని పక్కింటి నుంచి చాయ తెచ్చి ఇచ్చారు. ఒక చేత్తో కప్పు పట్టుకుని, ఆకాశం వైపు చూస్తూ, అక్క శవం పక్కన నిలబడి లక్ష్మీరాజం గీత గీశాడు. అదీ తప్పే. చాయ మాత్రం పంచె మీద ఒలికింది. ఈసారి ఫోన్ గంట ఆగమంది.

అంతలో పక్కింటి వనిత ముందుకొచ్చింది. ఆమె మొగుడు రంజిత్ నిరంజన్ ఉండే క్యాంపులోనే బస్సు నడుపుతాడు. "మా ఆయనకు చెప్తె పోయి నిరంజనన్నకు చెప్తడు" అని తన ఫోన్‌లో మాట రికార్డు చేసి పంపింది: "ఇగో, ఐలవ్వను ఇంక లేపలే. నిరంజనన్న చూసినంకనే లేపుతరట. ఊరంత వాకిట్ల కూసున్నది. జల్ది చెప్పు." రంజిత్ బస్సులో ఉన్నాడేమో, జవాబు రాలేదు.

"పొద్దుగూకితే లేపరాదు" అన్నాడు ముత్తయ్య. "లక్ష్మీరాజం, జగిత్యాల పోయి తాళం తీపిచ్చుకరా. నాలుగింటి దాక చూస్త. అటెన్క నా చేతుల లేదు."

జగిత్యాలలో సెల్‌ఫోన్ల దుకాణం సాయిచంద్‌ది. ఫోన్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పాత ఫోనైతే ఏదో సందుల దూరి తెరుద్దును కాకా. ఇప్పుడు నువ్వు అన్ని సందులు మూసుకొని వచ్చినవ్. ఒక్కటే దారి, లోపలున్నదంత తుడిచెయ్యాలె."

"నంబర్లు?"

"పోతయి."

"మా అక్క మాట్లాడి పంపినయి ఉన్నయి బిడ్డా. నాలుగేండ్లయి."

"అన్ని పోతయి కాకా."

లక్ష్మీరాజం ఫోన్ తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. ఎదురుగా ఉన్న అరుగు మీద కూర్చుని, ఫోన్ ఒప్పుకున్నప్పుడల్లా గీత గీస్తూ, ఒప్పుకోనప్పుడల్లా ఊరుకుంటూ మధ్యాహ్నమంతా గడిపాడు. తమ్ముడికి అక్క చివరి చూపు లేకుండా చేసింది తన వేలే. తండ్రి విషయంలో తనకు జరిగింది ఎవరో చేసిన అన్యాయం కాదు, దేశం దూరమై జరిగింది. ఇది మాత్రం తను చేతులారా చేసింది. నాలుగు దాటింది, ఐదు దాటింది. ఊరికి వెళ్లే ఆటో ఎక్కడానికి కాళ్లు రాలేదు.

చీకటి పడుతుండగా ఊరి ముందు దిగి, ముందుగా వాగు వైపు చూశాడు. పొగ లేదు. ఐలవ్వ ఇంటి ముందు ట్యూబులైట్లు కట్టారు, కుర్చీలు వేశారు. వాకిట్లో ఐస్ డబ్బా, అందులో ఐలవ్వ. తనను నలుగురిలో నిలబెట్టి అడగడానికే ఆగారనుకుని లక్ష్మీరాజం దడి దగ్గరే నిలబడిపోయాడు.

"కాకా, వచ్చినవా!" అని వనిత ఎదురు వచ్చింది. "నిరంజనన్న వస్తుండు. రాత్రికే విమానం."

"యాడికి?"

"యాడికేంది, ఈడికే."

జరిగింది ఇది. వనిత పంపిన మాటను రంజిత్ మిట్టమధ్యాహ్నం విన్నాడు. ఫోన్ సంగతి, తాళం సంగతి వాడికి తెలియవు. నిరంజన్ స్వయంగా వస్తే గానీ శవాన్ని కదిలించేది లేదని ఊరు మొండికేసిందని వాడికి అర్థమైంది. బస్సును నేరుగా కంపెనీ ఆఫీసు ముందు ఆపి, పెద్దసారు దగ్గర చేతులు జోడించాడు. "పొద్దున అక్క అన్నాడు కదా, అక్కకు సెలవు లేదు" అన్నాడట పెద్దసారు. "అక్క అని పిలుస్తడు సార్, గంతే. పెంచింది ఆమెనే" అన్నాడట రంజిత్. ఊరంతా ఆగిందంటే ఆ సారుకు కూడా ఎక్కడో తగిలినట్టుంది. పాస్‌పోర్టు బీరువాలోంచి బయటకొచ్చింది. టికెట్ క్యాంపు వాళ్లు కొన్నారు.

"నేను వీడియో కాల్ జేసి ఇప్పుడే చూపిస్త అన్న కాకా. వద్దన్నడు. నాకోసం ఊరంత ఆగినంక ఫోన్ల ఎట్ల చూస్తనన్నడు."

లక్ష్మీరాజం అక్కడే దడి దగ్గర కూలబడి, చిన్నపిల్లాడిలా పెద్దగా ఏడ్చాడు. ముత్తయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు.

తెల్లారి ఎండెక్కే వేళకు నిరంజన్ కారు దిగాడు. కాళ్లకు సిమెంటు అంటిన బూట్లే ఉన్నాయి. వాటిని వాకిట్లో విప్పి, డబ్బా మీద రెండు చేతులూ ఆనించి, "అక్కా, వచ్చిన" అన్నాడు. ఎండ ఎటు పడుతోందో ఎవరూ చూడలేదు. ఏడ్చేవాళ్లను ఎవరూ పక్కకు జరపలేదు.

వాగు ఒడ్డున నిరంజన్ కొరివి పెట్టాడు. మంట లేచింది. అలవాటుగా లక్ష్మీరాజం చెయ్యి జేబులోకి వెళ్లింది, ఫోన్ బయటకు తీసింది, బొటనవేలు తనంతట తాను చుక్కల మీద తిరిగింది. ఫోన్ తెరుచుకుంది.

'అప్‌డేట్ పూర్తయింది. మీ ఫోన్ ఇప్పుడు సురక్షితంగా ఉంది' అని చూపించింది. దాని వెనకాలే నిన్నటి నుంచి ఆగిన నిరంజన్ రాతలు వరసగా వచ్చి పడ్డాయి. అన్నా కట్టయింది. అన్నా ఎత్తు. అన్నా ఒక్కసారి. అన్నా పది నిమిషాలైపోయినయి. చివరిది: ఏంగాదన్నా, తర్వాత చూపియ్యి.

లక్ష్మీరాజం ఫోన్‌ను మంట వైపు ఎత్తి పట్టుకున్నాడు. చూడాల్సిన మనిషి పక్కనే నిలబడి ఉన్నాడని కాసేపటికి గుర్తొచ్చి దించేశాడు.

సృజన ఇప్పుడు నెలనెలా తప్పకుండా 'ఇప్పుడే' నొక్కుతోంది. దొంగ దూరడానికి ఫోన్‌లో సందు లేదు. మరుసటి నెల ఒక తెల్లవారుజామున బుచ్చిరాములు గడప ముందు వచ్చి నిలబడ్డాడు. రాత్రి ఆయన భార్య పోయింది. కొడుకు కువైట్‌లో ఉన్నాడు.

"ఫోన్ తీసుకొని వస్త పా కాకా" అని లక్ష్మీరాజం అంగీ వేసుకోబోయాడు.

బుచ్చిరాములు కదల్లేదు. తువ్వాలు కొంగు నలుపుతూ, నేల చూస్తూ నిలబడ్డాడు.

"లక్ష్మీరాజం, మావోడు పోయి ఐదేండ్లాయె. వాళ్ల కంపెనోళ్లు గూడ పంపుతలేరు. జర మాకు గూడ గా అప్‌డేట్ పెట్టరాదు?"

ఈ నెలది మొన్ననే అయిపోయిందని ఆయనకు ఎలా చెప్పాలో లక్ష్మీరాజానికి తోచలేదు.