మొసలి కష్టం విన్న నక్క

అడవి చాలా పెద్దదే కానీ, వేసవి వస్తే నీళ్లకు ఒకటే మడుగు. ఆ మడుగులో ఒక మొసలి.

దాహానికి దిగిన దుప్పులు కొన్ని తిరిగి రావడం మానేశాయి. చెల్లెల్ని పోగొట్టుకున్న చుక్కి అనే దుప్పి సింహం ముందు ఏడ్చింది.

"మహారాజా, ఆ మొసలిని వెళ్లగొట్టండి."

"తొందరపడకూడదమ్మా," అని సింహం నక్కను పిలిపించింది. నక్క పట్నంలో డిజైన్ థింకింగ్ అనే, సమస్యలు తీర్చే విద్య నేర్చుకుని వచ్చింది.

"ముందు కష్టపడేవాళ్ల మనసు తెలుసుకోవాలి," అంది నక్క.

"మా మనసులో ఏముంది బాబూ, భయమే," అంది చుక్కి.

నక్క ఆ మాట మోదుగాకు మీద రాసి చెట్టుకు అంటించింది. మిగతా దుప్పులు నక్కను చూడగానే పరుగు తీశాయి. తీరిగ్గా దొరికింది మొసలి ఒక్కటే.

"పాపం, రాళ్ల మీద వాటి కాళ్లు జారుతుంటే నా కడుపు తరుక్కుపోతుంది," అంది మొసలి. "ఒడ్డు నున్నగా, వాలుగా ఉంటే హాయిగా దిగుతాయి కదా!"

నక్క కళ్లు చెమర్చాయి. "ఇంత వివరంగా ఇంకెవరూ చెప్పలేదు."

"మొసలి మూతి కట్టేస్తే?" అంది కోతి.

"ఏ ఆలోచనా చెడ్డది కాదు," అంటూ నక్క ఆ మాట రాసిన ఆకును ఎవరికీ అందని కొమ్మకు అంటించింది.

ఏనుగులు చిన్న వాలు నమూనాగా కట్టాయి. పరీక్షకు ఒక కుర్ర దుప్పి దిగింది. నీళ్లు ఒకసారి కదిలాయి, మళ్లీ సర్దుకున్నాయి.

"మావాడేడీ?" అని చుక్కి అరిచింది.

"ఇది ఓటమి కాదు, పాఠం. వాలు చాల్లేదు," అంది నక్క.

వాలు పెంచారు, బురదతో మెత్తారు. ప్రారంభోత్సవానికి సింహమే వచ్చింది. మొదటి అడుగులోనే జారి, గర్జించుకుంటూ నీళ్లలో పడింది. ఏనుగులు తొండాలతో పైకి లాగాయి గానీ, తోక మాత్రం మొసలి దగ్గరే ఉండిపోయింది.

ఆ గొడవలో చుక్కి ఎవరినీ ఏమీ అడగలేదు. మందను వెంటబెట్టుకుని కొండ దాటి, వేరే అడవిలోని వాగుకు నడిచింది. దారిలో పిల్లలు దాహంతో మూలిగాయి. అది ఆగలేదు.

మర్నాడు సింహం సభ తీర్చి కూర్చుంది. నక్క నివేదిక చదివింది: "మడుగు దగ్గర దుప్పుల మరణాలు పూర్తిగా ఆగిపోయాయి."

చప్పట్లు మోగాయి. నక్కకు శాలువా కప్పారు. పొరుగు అడవి నుంచి అప్పుడే పిలుపు కూడా వచ్చింది. అక్కడ కుందేళ్లకు కొండచిలువతో ఏదో ఇబ్బందిట.

నీతి: బాధపడేవాళ్లు వెళ్లిపోతే ఏ పరిష్కారమైనా ఫలించినట్టే.