భిక్షపతి ఇంటికి ఓడ వచ్చింది

ఆ ఆదివారం పొద్దున భిక్షపతి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఖిచిడీ వండాలి, చింతపండు పిసికి ఖట్టా చేయాలి, అప్పడాలు వేయించాలి, ఇద్దరు అతిథులకు పెట్టాలి, వాళ్లు చేతులు కడుక్కున్నాక సోంపు అందించాలి. అంతే. ఉస్మాన్‌గంజ్‌లో మిరపకాయల కొట్టులో గుమాస్తా అతను. చెల్లెళ్ల పెళ్లిళ్లు చేస్తూ చేస్తూ తన పెళ్లి సంగతి మరిచిపోయి యాభైకి దగ్గర పడ్డాడు. పత్తర్‌గట్టి వెనక గల్లీలో, అజ్మత్ అలీ ఇంటి వాకిట్లో ఉన్న ఒక గదిలో అద్దెకుంటున్నాడు. ఆ గదికి ఇన్నేళ్లలో భోజనానికని ఎవరూ వచ్చిన పాపాన పోలేదు.

ఇప్పుడు ఇద్దరు వస్తున్నారంటే అది ఓడ చలవ. అగరుబత్తుల కంపెనీ వాళ్లు లక్కీ డ్రా తీసి కొట్టుకు ఒక టికెట్టు పంపారు. ముంబయిలో ఓడ ఎక్కితే గోవా మీదుగా దీవుల దాకా తిప్పి తీసుకొస్తుంది, అదీ ఒక్క మనిషికే. సేటుకు బకెట్లో నీళ్లు కదిలినా కళ్లు తిరుగుతాయి. కాబట్టి టికెట్టు గుమాస్తాకు వచ్చింది. ఉస్మాన్‌గంజ్ దాటితేనే ఊరు దాటినట్టు లెక్కవేసుకునే భిక్షపతి, సేటు ఇచ్చిన తోలు సంచీ పట్టుకుని పోయిన నెల ఓడ ఎక్కాడు.

మర్నాడు తెల్లారి డెక్ మీదికి వచ్చి చూస్తే నాలుగు వైపులా ఎక్కడా గట్టు లేదు. భిక్షపతి కడ్డీ పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. ఇన్ని నీళ్లు లోకంలో ఉండగా, చూడకుండా ఇన్నాళ్లు ఎలా బతికానా అని అతనికి తన మీద తనకే జాలి వేసింది. ఎవరికైనా చెప్పుకోకపోతే గుండె పగిలిపోయేలా ఉంది. చెప్పుకోవడానికి పక్కన ఎవరూ లేరు. ఓడలో అందరూ జంటలుగా వచ్చారు, పిల్లాపాపలతో వచ్చారు, ఒకే రంగు బనీన్లు తొడుక్కున్న గుంపులుగా వచ్చారు.

ఆకలేసి భోజనాల హాల్లోకి వెళ్లాడు. పాతబస్తీ ఇరానీ హోటల్లో ఖాళీ కుర్చీ ఎక్కడుంటే అక్కడ కూర్చుంటారు, ఎదుట ఎవరున్నారని చూడరు, ఎవరినీ అడగరు. భిక్షపతి కూడా అద్దం పక్కన ఖాళీ కుర్చీ చూసుకుని కూర్చున్నాడు. ఆ బల్ల దగ్గర ఒకావిడ ఒక్కతే కూర్చుని ఉంది. అతను చాయ్ తెప్పించి, అలవాటు కొద్దీ సగం సాసర్లో పోసి ఆవిడ ముందుకు జరిపాడు. ఆవిడ సాసరు వంకా, అతని వంకా చాలాసేపు చూసింది.

"మీరు నాకు తెలుసాండీ?" అని అడిగింది.

"తెల్వది మేడం. చాయ్ చల్లారుతది, తాగుండ్రి."

ఆవిడ తాగింది. పేరు బిందుమాధవి. కాకినాడ మనిషి, హైదరాబాద్‌లో మూసీ అవతల ఏదో సర్కారు ఆఫీసులో సూపరింటెండెంట్. పెళ్లి చేసుకోలేదు. తోడు వస్తానన్న స్నేహితురాలు చివరి నిమిషంలో మానేస్తే ఒంటరిగానే ఓడ ఎక్కింది. భిక్షపతి ఇంక ఆగలేక సముద్రం గురించి తాను చూసిందంతా చెప్పేశాడు. ఆవిడ నవ్వకుండా విన్నది. "చిన్నప్పటి నుంచీ మా ఇంటి వెనకాలున్న సముద్రమేనండీ. మీరు చెబుతుంటే ఇవాళే చూసినట్టుంది," అంది. ఆ తర్వాత సీమోను అనే ఆయన పళ్లెం పట్టుకుని వచ్చి మూడో కుర్చీలో కూర్చున్నాడు. సికింద్రాబాద్‌లో రైలు గార్డుగా రిటైరైన మనిషి, భార్య పోయింది, ఆయనా ఒంటరే. మిగిలిన రోజులన్నీ ఆ ముగ్గురిదీ ఒకే బల్ల.

ఓడ దిగే రోజు భిక్షపతి ఒక మాటన్నాడు. "ఒకసారి మా ఇంటికి రాండ్రి మేడం, ఓ ముద్ద తిని పోదురు." అది పాతబస్తీలో పుట్టినవాళ్లందరూ అనే మాట. రమ్మనడం ఒక మర్యాద, తప్పకుండా వస్తామనడం ఇంకో మర్యాద, రాకపోవడం అన్నిటికన్నా పెద్ద మర్యాద. పాపం కాకినాడ వాళ్లకు ఆ మూడో మర్యాద తెలియదు. బిందుమాధవి "ఏ ఆదివారం రమ్మంటారు?" అంది. భిక్షపతిని ఆ ప్రశ్న అడిగినవాళ్లు అంతవరకు లేరు. ఆవిడకు తోడుగా సీమోనును కూడా రమ్మని ఆదివారం ఖాయం చేశాడు. అప్పటి నుంచి అతనికి ఒకటే కోరిక. ఆవిడ రావాలి, తినాలి, వెళ్లేటప్పుడు మళ్లీ వస్తాననాలి. ఆ ఒక్క మాట దక్కితే చాలు.

వంటకు అన్నీ సిద్ధం చేసుకున్నాక గుర్తొచ్చింది, గదిలో ఉన్నది ఒకటే కుర్చీ, దానికీ కాలు విరిగిందని. అజ్మత్ అలీ భార్య జాహెదా దగ్గరికి వెళ్లాడు. ఆమె చేటలో బియ్యం ఏరుతోంది.

"ఆపా, ఒక మూడు కుర్చీలు గావాలె. పగటికి చుట్టాలొస్తున్నరు."

"నీకు చుట్టాలా భిక్షపతి భాయ్? ఎవరు?"

"ఓడల కల్సిన్రు. ఒక సార్, ఒక మేడం."

జాహెదా చెయ్యి చేటలోనే ఆగిపోయింది. "మేడమా? ఆమెకు శాదీ అయ్యిందా?"

"కాలేదంట."

"మరి నౌకరీ?"

"మూసీ అవుతల సర్కారు ఆఫీసుల సూపరింటెండెంట్. కాకినాడ ఆమె."

"అంత పెద్ద నౌకరీ చేసే ఆమె మూసీ దాటి నిన్ను చూడనీకి వస్తుందా?"

"గట్ల కాదు ఆపా. ఉత్తగ తిననీకి వస్తున్నరు."

జాహెదా ఆ గల్లీలో బోలెడు సంబంధాలు కుదిర్చిన మనిషి. పెళ్లికొడుకులందరూ మొదట గట్ల కాదనే అంటారు, నిజంగానే కానివాడు చెవులు ఎర్రబడకుండా అంటాడు. ఆమె భిక్షపతి చెవులు చూసింది, చేట కింద పెట్టింది, లోపలికి వెళ్లి మొగుణ్ని లేపింది.

"సునో జీ, భిక్షపతి భాయ్‌కు సంబంధం వచ్చింది. పిల్లనే స్వయంగా వస్తుంది. మూడు కుర్చీలు అడుగుతున్నడు."

అజ్మత్ అలీకి పత్తర్‌గట్టిలో పెళ్లిబట్టల దుకాణం ఉంది. ఆయనకు చిన్న పనులు చేతకావు. నిమ్మకాయ తెమ్మంటే బస్తా తెచ్చే రకం. "మూడు కుర్చీలా?" అన్నాడు బాధగా. "పిల్ల తరఫోళ్లు మూడు కుర్చీలు చూసి ఏమనుకుంటరు? మన గల్లీ ఇజ్జత్ ఏం గావాలె?" వెంటనే టెంటు హౌసు నడిపే మేనల్లుడు ఇమ్రాన్‌కు ఫోను చేసి యాభై కుర్చీలు పంపమన్నాడు.

ఇమ్రాన్ పద్ధతి తప్పని మనిషి. కుర్చీలు పంపితే షామియానా పంపుతాడు, షామియానాతో తివాచీ, తివాచీతో రంగుబల్బుల తోరణం, వాటన్నిటితో పాటు బంగారు రంగు చేతులున్న ఎర్ర మఖ్మల్ కుర్చీలు రెండు. ఎవరి కోసమని అడిగే అలవాటు అతనికి లేదు. ఈలోగా జాహెదా, కాకినాడ అమ్మ మాంసం తింటుందో తినదో తెలియక, బిర్యానీకి ఒక దేగ్, బగారా అన్నానికి ఒక దేగ్, రెండు పెద్ద గుండిగలు పొయ్యిల మీదికి ఎక్కించింది.

ఆ గల్లీలో రెండు దేగ్‌లు ఎక్కి, పట్టపగలు బల్బులు వెలిగాయంటే ఇంక శుభలేఖలతో పని లేదు. ముందు పూలాయన రెండు దండలు తెచ్చాడు. తర్వాత అత్తరు బుడ్డి పట్టుకుని ఒకాయన వచ్చాడు. మలుపులో ఇంకో పెళ్లి నుంచి తిరిగొస్తున్న బ్యాండు వాళ్లు షామియానా చూసి, పిలవడం మరిచిపోయారేమో అనుకుని వాళ్లే వచ్చేశారు. వైకుంఠం పంతులు పంచాంగం చంకన పెట్టుకుని, "నన్ను అడగకుండ ముహూర్తం ఎవరు పెట్టిన్రు?" అని తగువు పెట్టుకున్నాడు. కబురు ఉస్మాన్‌గంజ్ దాకా పాకి సేటు కూడా కారు దిగాడు.

ఇంత జరుగుతున్నా భిక్షపతికి తెలియదు. తలుపు వేసుకుని ఖిచిడీ కలుపుతున్నాడు. బయట గోల వినబడి, సరిగ్గా ఇయ్యాల్నే ఎవరిదో పెండ్లి వచ్చి పడ్డదని విసుక్కున్నాడు కూడా. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తల తుడుచుకుంటూ బయటికి వచ్చాడు.

"ఎవరిది పెండ్లి?" అని అడిగాడు.

పూలాయన అతని మెడలో దండ వేశాడు.

భిక్షపతి షామియానా చూశాడు, మఖ్మల్ కుర్చీలు చూశాడు, తనను చూసి కళ్లు తుడుచుకుంటున్న సేటును చూశాడు. జాహెదాను వెతికి పట్టుకున్నాడు. "ఆపా, ఏందిది? మూడు కుర్చీలు అడిగిన గద?"

"ఫికర్ చెయ్యకు భాయ్. అన్నీ మేం చూసుకుంటం."

"ఆమె ఇది చూస్తె మల్ల జన్మల నా మొహం చూడది ఆపా. జెర తీసేయుండ్రి. నీ కాళ్లు మొక్కుత."

అజ్మత్ అలీ అతని భుజం మీద చెయ్యి వేశాడు. "ఇప్పుడు తీస్తే సంబంధం తప్పిందంటరు. జిందగీ మొత్తం ఆ మాట ఉంటది. నువ్వు కూసో."

కూర్చునే ఓపిక భిక్షపతికి లేదు. మిగిలిన దారి ఒక్కటే. వాళ్లు మూసీ వంతెన నయాపూల్ దగ్గర ఆటో దిగుతామన్నారు. గల్లీలో అడుగు పెట్టకముందే ఎదురెళ్లి చేతులు జోడించి వెనక్కి పంపేయాలి. అతను పరుగు అందుకున్నాడు. దండతో పరుగెత్తే పెళ్లికొడుకును చూసి బ్యాండు వాళ్లు, ఎదుర్కోలుకు వెళ్తున్నాడనుకున్నారు. వాయిస్తూ వెనకే పరుగెత్తారు. బ్యాండు వెనక గల్లీ అంతా కదిలింది. పత్తర్‌గట్టి దుకాణాల వాళ్లు లేచి దారి ఇచ్చారు. భిక్షపతి ఎంత జోరుగా పరుగెత్తితే వాయిద్యం అంత జోరందుకుంది.

నయాపూల్ దగ్గర బిందుమాధవి అప్పుడే ఆటో దిగింది. జరీ అంచు చీర కట్టుకుంది. పక్కన సీమోను. భిక్షపతి వాళ్ల ముందు ఆగాడు, బ్యాండు ఆగింది, వెనక ఉన్న జనమంతా ఆగారు. ట్రాఫిక్ పోలీసు కూడా విజిల్ నోట్లోంచి తీశాడు.

"మేడం," అన్నాడు భిక్షపతి రొప్పుతూ, "నేను మూడు కుర్చీలే అడిగిన. మీరు తిని పోతరని గంతే. వీళ్లు పెండ్లి అనుకున్నరు. నేను ఒక్క మాట గూడ చెప్పలే. మీ ఇజ్జత్ తీసినట్టయింది. మీరు గిటునుంచి గిటే పొండ్రి. నేనేం అనుకోను."

బిందుమాధవి అతని మెడలో దండను చూసింది. ముఖం చిన్నబోయింది. "అయితే మీరు నిజంగా ఉత్తి భోజనానికే పిలిచారా?"

సీమోను దగ్గాడు. "తప్పు నాదే భిక్షపతి భాయ్. ఓడ దిగినంక మేడం నన్ను అడిగింది, ఆయన పిలిచిన దాని మతలబేంది అని. ఒంటరి మొగోడు ఒంటరి ఆడమనిషిని ఇంటికి పిలిస్తే మతలబు ఒకటే ఉంటదని చెప్పిన."

"మా వైపు కూడా అంతేనండీ," అంది బిందుమాధవి తల వంచుకుని. "ఆ పిలుపు వెనకాల ఇంకో మాట ఉంటుంది. మీరు బిడియపడుతున్నారేమో అనుకుని మా అన్నయ్యను కాకినాడ నుంచి రప్పించాను. దారి పొడుగునా భయపడుతూనే వచ్చాను, ఇది కేవలం భోజనమేనేమోనని."

వెనక ఇంకో ఆటోలో తెల్ల పంచె కట్టుకున్న పెద్దాయన, పళ్ల బుట్ట ఒళ్లో పెట్టుకున్న ఆయన భార్య బిక్కుబిక్కుమని చూస్తున్నారు. ఆయనే వెంకట్రావు, బిందుమాధవి అన్నగారు.

భిక్షపతి కోరింది మళ్లీ వస్తానన్న ఒక్క మాట. ఆవిడ ఏకంగా అన్నగారిని వెంటబెట్టుకుని వచ్చింది. ఇంత పెద్ద సంగతి తన కోసం మూసీ అవతల నడుస్తుంటే తాను ఇవతల అప్పడాలు లెక్కపెట్టుకున్నాడు. గట్టు కనబడని నీళ్ల ముందు నిలబడ్డప్పుడు కూడా అతనికి ఇంత ఆశ్చర్యం కలగలేదు. అబద్ధమాడడం చేతకాక, ఉన్నదే చెప్పాడు.

"ఉత్తగ తిననీకే పిలిచిన మేడం. నాకంత ధైర్యం యాడిది? కని మీరు ఏ ఆదివారం అని అడిగిన కాడికెల్లి నాకు నిద్ర పడ్తలేదు."

బిందుమాధవి చీర కొంగుతో కళ్లు ఒత్తుకుంది, ఆ వెంటనే నవ్వింది. "అన్నయ్యా, దిగండి," అంది వెనక్కి తిరిగి. "ఇది భోజనం కాదట."

బ్యాండు మొదలైంది. సీమోను పళ్ల బుట్ట అందుకున్నాడు. వెంకట్రావు నోరు తెరుచుకుని ఆ ఊరేగింపు మధ్యలో నడిచాడు. అత్తరు పూశారు, పూలు చల్లారు, పంతులు దారిలోనే గోత్రం అడిగాడు. గల్లీలోకి వచ్చి షామియానాను, పగటి వెలుగులో మెరుస్తున్న బల్బులను, పొగలు కక్కుతున్న రెండు దేగ్‌లను చూసి వెంకట్రావు అక్కడే ఆగిపోయాడు.

"ఏమండీ భిక్షపతిగారూ," అన్నాడు గొంతు తగ్గించి, "పెళ్లిచూపులకే ఇంత చేశారు. రేపు పెళ్లికేం చేస్తారండీ?"

భిక్షపతి దిక్కుతోచక అజ్మత్ అలీ వైపు చూశాడు. అజ్మత్ అలీ అప్పటికే ఫోను చెవికి ఆనించుకుని, ఏనుగు దొరుకుతుందా అని ఎవరినో కనుక్కుంటున్నాడు.