ఒక్కడికే గుడారం

గుడారం పోయిన సంగతి ఎమ్రిస్‌కి జూన్ నెల మొదటి శనివారం పొద్దున తెలిసింది. టీ తాగి, కప్పు కడిగి బోర్లించి, పెరట్లో సామాన్ల గది తాళం తీశాడు. అతను వేసుకున్న పథకం చాలా చిన్నది. గుడారం బయటికి తీసి ఎండలో పరచాలి. చిరుగులుంటే కుట్టాలి. జూలై రాగానే దాన్ని బండిలో వేసుకుని పోర్త్‌వెన్ సముద్రతీరానికి వెళ్లి, ఒక్కడే ఒక వారం ఉండి రావాలి. గదిలో పెయింటు డబ్బాలున్నాయి, తుప్పు పట్టిన కొడవలి ఉంది, నెస్టా తోటపనికి వేసుకునే బూట్లున్నాయి. గుడారం ఉండాల్సిన చోట, నేల మీద దుమ్ము లేని నలుచదరపు జాగా మాత్రం ఉంది.

నెస్టా అతని భార్య. కిందటి నవంబరులో పోయింది.

అప్పటినుంచి ఎమ్రిస్ ఏడవలేదు. ఏడవకూడదని పట్టుదలేమీ లేదు. వీలు చిక్కలేదు, అంతే. బ్రిన్‌గార్త్ కొండల నడుమ ఉన్న చిన్న వెల్ష్ ఊరు. భార్య పోయిన మగవాణ్ణి ఒంటరిగా వదిలేయడం అక్కడ మర్యాద కాదు. చర్చి ఆడవాళ్లు వంతులు వేసుకుని గిన్నెలు తెచ్చేవారు. కళ్లు మండడం మొదలయ్యే సమయానికి సరిగ్గా తలుపు చప్పుడయ్యేది. తెరిస్తే వేడి వేడి గొర్రెమాంసం పులుసు, దాని మీద గళ్ల గుడ్డ, దాని వెనక ఒక జాలి మొహం. "వద్దండీ" అనడం ఎమ్రిస్‌కి చేతకాదు. ఉద్యోగం చేసినన్నాళ్లూ పాల ట్యాంకరు నడిపి, పొలాల వాకిళ్లలో ఎవరేం పెట్టినా తిని, "చాలా బాగుంది" అనడం అలవాటు చేసుకున్న మనిషి. "చాలా బాగుంది, కూర్చోండి" అనేవాడు. వాళ్లు కూర్చునేవారు. ఏడుపు వచ్చిన దారినే వెనక్కి వెళ్లిపోయేది.

అందుకే పోర్త్‌వెన్ అనుకున్నాడు. పెళ్లయిన కొత్తలోంచీ వేసవిలో ఇద్దరూ అక్కడే గుడారం వేసుకునేవారు. కొండ అంచున గడ్డి మైదానం, కింద సముద్రం. ఆ గాలి హోరులో మనిషి ఎంత గట్టిగా ఏడ్చినా పక్కవాడికి వినబడదు. పైగా అక్కడికి పులుసు తెచ్చేవాళ్లెవరూ లేరు.

అతను పక్కింటికి వెళ్లాడు. అక్కడ ఉండేది చెల్లెలు డెలిత్. పిండి చేతులతోనే తలుపు తీసింది.

"డెలిత్, గుడారం చూశావా?"

"ఏ గుడారం?"

"మనకి ఎన్ని ఉన్నాయే?"

డెలిత్ మొహం పాలిపోయింది. "ఆ పచ్చ సంచీయా అన్నయ్యా? అయ్యో! చర్చి హాల్లో పాత సామాన్ల అమ్మకం పెట్టాం చూడు, దానికిచ్చేశాను. నీ కళ్ల ముందుంటే బాధపడతావని."

"మరి బూట్లు ఎందుకుంచావు?"

"బూట్లు ముట్టుకోబుద్ధి కాలేదు."

డెలిత్ చేతుల పిండి దులుపుకుంది.

"ఎవరు కొన్నారు?" అన్నాడు ఎమ్రిస్ చివరికి.

కొన్నది పై పొలం గ్విలిమ్. ఎమ్రిస్ నడుచుకుంటూ వెళ్లేసరికి, పచ్చ గుడారం పొలం మూల నిటారుగా నిలబడి ఉంది. తాళ్లు బిగువుగా, మేకులు సరిగ్గా కొట్టి ఉన్నాయి. అంత చక్కగా తాను కూడా ఎప్పుడూ వేయలేదనుకున్నాడు. గుమ్మంలోంచి ఒక గొర్రె నెమరు వేస్తూ అతన్ని చూసింది.

"కుంటిది పాపం," అన్నాడు గ్విలిమ్. "వానకి తడుస్తోందని వేశాను. ఇప్పుడు రమ్మన్నా బయటికి రాదు. ముందు గది, లోపల పడగ్గది ఉన్నాయి కదా, పగలంతా ముందు గదిలో కూర్చుంటుంది, పొద్దు గుంకగానే పడగ్గదిలోకి పోతుంది. మా ఆవిడకి కూడా అంత క్రమశిక్షణ లేదు. ఇంతకీ ఏం పని మీద వచ్చావు ఎమ్రిస్?"

"ఏం లేదు. ఊరికే, ఇటు నడుద్దామని."

"చూశావా ఎలా సర్దుకుందో?"

"చాలా బాగుంది," అన్నాడు ఎమ్రిస్.

డెలిత్‌కి ఆ రోజంతా ముద్ద దిగలేదు. మర్నాడు పొద్దున్నే పరుగున వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"అన్నయ్యా, అంతా సరిచేసేశాను! పోర్త్‌వెన్‌లోనే, మీరు వేసుకునే ఆ మైదానంలోనే, ఇప్పుడు కొత్త రకం గుడారాలు వేశారట. గ్లాంపింగ్ అంటారు. పేరుకి గుడారమే కానీ లోపల మంచం, తివాచీ, కట్టెల పొయ్యి, నిలువుటద్దం కూడా ఉంటాయి. నీకోసం ఒకటి మాట్లాడేశాను. నలుగురు పట్టే గుడారం. చిన్నవి లేవన్నారు."

"గుడారంలో నిలువుటద్దం ఎందుకే?"

"మొహం చూసుకోవడానికి."

ఏడవడానికి వెళ్లేవాడికి కావలసిన వస్తువుల్లో అద్దం లేదు. కానీ చెల్లెలి కళ్లలో ఆ వెలుగు చూసి ఎమ్రిస్, "చాలా బాగుంది," అన్నాడు.

కథ ఇక్కడితో ఆగవలసింది. కానీ అతను ఊళ్లో లేని వారం గిన్నెలు తెచ్చేవాళ్లు మూసిన తలుపు కొట్టి వెనక్కి వెళ్లడం బాగుండదని డెలిత్‌కి తోచింది. ఆ ముక్క చర్చిలో చెప్పమని సంఘపెద్ద ఇథెల్ గారిని అడిగింది.

సంఘపెద్దల బెంచీ మీంచి లేచి చెప్పిన మాటని వెనక్కి తీసుకోవడం బ్రిన్‌గార్త్ చరిత్రలో లేదు. ఒకసారి పంటల పండగ ఆరాధన మంగళవారమని ఇథెల్ గారు పొరపాటున ప్రకటిస్తే, అది బుధవారమని తెలిసిన పాస్టరు గారితో సహా అందరూ మంగళవారమే వచ్చారు. పెద్దమనిషిని చిన్నబుచ్చడం ఎవరికి ఇష్టం?

ఆ ఆదివారం ఇథెల్ గారు లేచి, గొంతు సవరించుకున్నారు. "మన సహోదరుడు ఎమ్రిస్ జూలై మొదటి వారం పోర్త్‌వెన్ సముద్రానికి వెళుతున్నాడు. ఆ వారం గిన్నెలు అక్కర్లేదు."

అక్కడితో కూర్చోవచ్చు. కూర్చోలేదు.

"పోర్త్‌వెన్ అంటే నాకు నెస్టా గుర్తొస్తుంది. ఏటా మన సండే స్కూలు పిల్లలందరినీ బస్సెక్కించి ఆ సముద్రానికి తీసుకెళ్లింది ఆవిడే. ఆవిడకి ఓపిక తగ్గాక ఆ యాత్రే ఆగిపోయింది. అలాంటిది, ఇవాళ ఎమ్రిస్ మళ్లీ..."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, వాక్యం పూర్తి చేయకుండానే కూర్చున్నారు. ఆ వాక్యాన్ని ఎవరికి వాళ్లు తమ తమ బెంచీల్లో పూర్తి చేసుకున్నారు. ఆరాధన ముగిసి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి, నెస్టా జ్ఞాపకార్థం ఊరంతా కలిసి సముద్రయాత్ర చేయడం ఖాయమైపోయింది.

"మంచి పని తలపెట్టావు ఎమ్రిస్," అన్నారు ఒకరు, చెయ్యి గట్టిగా పట్టుకుని.

"నిజానికి నేను..."

"నువ్వేం చెప్పక్కర్లేదు నాయనా. మాకర్థమైంది."

"అది కాదండీ, నేనొక్కణ్ణే..."

"నువ్వొక్కడివే ఎందుకు మోస్తావు ఈ భారం? మేమంతా లేమూ?"

అర్థం చేసుకున్నవాళ్లకి అర్థమయ్యేలా చెప్పడం ఎవరివల్లా కాదు. పైగా మధ్యలో నెస్టా పేరుంది. ఆ పేరు మీద జరిగే పనికి తనే అడ్డుపడితే ఎలా? ఎమ్రిస్ నోరు మూసుకున్నాడు.

బస్సు మాట్లాడారు. నాలుగు స్వరాల్లో కీర్తనలు పాడాలన్నారు. సాధన మొదలుపెట్టారు. సాధన చోటు చాలక ఎమ్రిస్ ఇంటి ముందుగదిలోకి మారింది. దాంతో ఇంతవరకూ గిన్నెలు రాని వేళల్లో కూడా మనుషులు రావడం మొదలైంది. కింది వీధి బాప్టిస్టులు, అంటే నీళ్లలో ముంచి బాప్తిస్మమిచ్చే చర్చివాళ్లు, సంగతి విన్నారు. ఈ చర్చికీ ఆ చర్చికీ ఒకే గదిలో కూర్చుని టీ తాగిన చరిత్ర లేదు. కానీ వాళ్ల పెద్దాయన స్వయంగా వచ్చి, "నెస్టా మాకు మాత్రం పరాయిదా? నీళ్ల దగ్గరికి వెళ్లేటప్పుడు బాప్టిస్టుల్ని పిలవకపోవడం ఏం న్యాయం?" అన్నాడు. న్యాయమేనని ఎవరూ అనలేకపోయారు.

ఒకనాడు పోర్త్‌వెన్ నుంచి గుడారాల యజమాని ఎమ్రిస్‌కి ఫోన్ చేశాడు. ఊపిరాడని సంతోషంలో ఉన్నాడు. "సార్, మీ బృందం కోసం ఉన్న గుడారాలన్నీ ఇచ్చేశాను. ప్రశాంతత కోరుకునేవాళ్ల శిబిరం ఒకటుంది ఆ వారం. వాళ్లని తర్వాతి వారానికి నెట్టేశాను. అద్దాలన్నీ తుడిపిస్తున్నాను."

"చాలా బాగుంది," అన్నాడు ఎమ్రిస్.

ఇక ఉండబట్టలేక ఆ సాయంత్రం చెల్లెలి దగ్గర కూర్చున్నాడు. ఆమె రొట్టెముక్కలకి వెన్న రాస్తోంది.

"డెలిత్, నేను ఒక్కణ్ణే వెళదామనుకున్నానే."

వెన్న కత్తి ఆగింది. "ఒక్కడివేనా? ఎందుకు?"

ఏడవడానికి అని చెప్పాలి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. యాభై దాటిన చెల్లెలి ముందు, అరవై దాటిన అన్న ఆ మాట అనడం ఎలాగో అతనికి తెలియలేదు.

"ఊరికే. గాలికి."

"గాలి అందరికీ తగులుతుందిలే అన్నయ్యా," అని ఆమె మళ్లీ రాయసాగింది. కాసేపటికి గొంతు తగ్గించి అంది. "నాకు మాత్రం గుడారాలంటే ఇష్టమనుకుంటున్నావా? పురుగులు, తేమ. ఇథెల్ గారికి నడుం నొప్పి. మన పాటల జట్టులో లోవ్రి ఇల్లు దాటితే నిద్రపోదు. ఎవరికీ వెళ్లాలని లేదు. నీ కోసమే అందరూ వస్తున్నారు."

ఎమ్రిస్ ఒక రొట్టెముక్క తీసుకుని తిన్నాడు. ఏదో ఒకటి నోట్లో పెట్టుకోకపోతే ఏమంటాడో తనకే నమ్మకం లేదు.

బయలుదేరే పొద్దున సన్నగా వాన. బస్సు చర్చి ముందు నిలబడింది. టీ కాచే పెద్ద డేగిశాకి ముందు వరసలో ఒక సీటు ఇచ్చారు. బాప్టిస్టులు తమ డేగిశా తామే తెచ్చుకున్నారు. దానికీ ఒక సీటు. అందరూ సర్దుకున్నాక, కింది వీధిలోంచి కర్ర టకటకలాడించుకుంటూ హన్నా బామ్మ వచ్చింది. తొంభై ఏళ్లు పైబడిన మనిషి. నల్ల టోపీ పెట్టుకుంది. వస్తానని ఎవరికీ చెప్పలేదు. రావద్దని అనే ధైర్యం ఎవరికీ లేదు.

ఖాళీ సీటు లేదు. మరుక్షణం బస్సులో అందరూ లేచి నిలబడ్డారు.

"ఇలా కూర్చోండి బామ్మగారూ."

"మీరు కూర్చోండి ఇథెల్ గారూ, మీకు నడుం నొప్పి. నేను దిగుతాను."

"నువ్వు దిగితే పై స్వరం ఎవరు పాడతారు? నేనే దిగుతాను."

"మీరు దిగితే ప్రార్థన ఎవరు చేస్తారు?"

"నేనున్నాను కదా," అన్నారు పాస్టరు గారు మెల్లగా. ఎవరూ వినిపించుకోలేదు.

రెండు డేగిశాల్లో ఒకటి దింపితే సరిపోతుందని అందరికీ తెలుసు. ఏది దింపాలో చెప్పేవాళ్లే లేరు. చివరికి డ్రైవరు వెనక్కి తిరిగి, "ఎవరో ఒకరు దిగండి బాబూ, లేకపోతే నేను దిగుతాను," అన్నాడు.

ఎమ్రిస్ దిగాడు. "బామ్మని నా సీట్లో కూర్చోబెట్టండి. నా బండిలో వెనకే వస్తాను." నిజంగానే అన్నాడు. వెళ్లే ఉద్దేశంతోనే అన్నాడు. డెలిత్ కిటికీలోంచి చెయ్యి ఊపింది. "తొందరగా రా అన్నయ్యా! కింది స్వరం నువ్వే!"

బస్సు మలుపు తిరిగింది. వాన చప్పుడు తప్ప మరేమీ మిగల్లేదు.

ఎమ్రిస్ ఇంటికి నడిచాడు. దారిలో అన్ని తలుపులూ మూసి ఉన్నాయి. ఒక్క పొగగొట్టంలోంచీ పొగ రావడం లేదు. బండి తాళాల కోసం లోపలికి వెళ్లినవాడు, బూటు ముడి సరిచేసుకుందామని కుర్చీలో కూర్చున్నాడు. అప్పుడు వినబడింది అతనికి ఆ నిశ్శబ్దం. తలుపు తట్టడానికి ఊళ్లో ఒక్క మనిషి లేడు. సముద్రం ఒడ్డున వెతుక్కుందామనుకున్నది తన ముందుగదిలోకే వచ్చి కూర్చుంది.

సరే, ఇప్పుడు ఏడవచ్చు అనుకున్నాడు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని సిద్ధంగా కూర్చున్నాడు. ఏడుపు రాలేదు. ఇన్ని నెలలు వేళకాని వేళ వచ్చి వెనక్కి వెళ్లినది, ఇవాళ పిలిస్తే పలకలేదు. దాని బదులు డ్రైవరు మొహం గుర్తొచ్చింది. పక్కపక్కనే రెండు సీట్లలో కూర్చుని, ఒకదాన్నొకటి చూడకుండా వెళుతున్న రెండు డేగిశాలు గుర్తొచ్చాయి. నవ్వొచ్చింది. ఆపుకోలేనంత వచ్చింది. నవ్వుతూనే వంటింటి వైపు తల తిప్పి, "నెస్టా, విన్నావా, ఆ డ్రైవరు ఏమన్నాడో..." అన్నాడు.

ఆ మాట గుమ్మం దాకా వెళ్లింది. అవతల అందుకునేవాళ్లు లేరు.

అప్పుడు ఏడ్చాడు. కుర్చీ చేతిని పట్టుకుని, తల వంచుకుని, చాలాసేపు, గట్టిగా, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. మధ్యలో ఎవరూ రాలేదు. వాన ఆగిన సంగతి కూడా అతనికి తెలియలేదు.

లేచి మొహం కడుక్కున్నాడు. టీ పెట్టుకున్నాడు. ఈపాటికి వాళ్లు పోర్త్‌వెన్ చేరి, కీర్తన మొదలుపెట్టకుండా రోడ్డు వైపు చూస్తూ ఉండుంటారు. వెళ్లాలి. తాళాలు చేతిలోకి తీసుకున్నాడు. తీసుకుని, వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాడు.

"సరే, మొదటినుంచీ చెబుతాను విను," అన్నాడు. "ఆ శనివారం పొద్దున సామాన్ల గది తాళం తీశానా..."

చీకటి పడకముందే పోర్త్‌వెన్ నుంచి ఫోన్ రెండుసార్లు మోగి ఆగింది. ఎమ్రిస్ ఇంకా బయలుదేరలేదు. చెప్పవలసింది ఇంకా సగం పైనే ఉంది.