చిత్రంలో లేని సీమపనస

లోకంలో ఎక్కడైనా ముందు ఊరు ఉంటుంది, ఆ తర్వాత ఎవరో వచ్చి దాని బొమ్మ గీస్తారు. తాహితి దీవిలోని వైతారా గ్రామం ఈ మొరటు పద్ధతికి ఎప్పుడో స్వస్తి చెప్పింది. అక్కడ ముందు బొమ్మ ఉంది, ఊరు దానికి తగ్గట్టు నడుచుకోవాలి. నడుచుకుంటోందో లేదో చూడటానికి చిత్ర సారూప్య పరిరక్షణ కార్యాలయం అని ఒకటుంది.

ఆ ఊళ్లో ఉండే తెహేయాకు ముత్తవ్వ అయిన ఆవిడ బతికున్న రోజుల్లో ఫ్రాన్సు నుంచి ఒక చిత్రకారుడు ఓడ దిగాడు. నాగరికత మీద విసుగు పుట్టి వచ్చానని చెప్పుకున్నాడు (తిండి డబ్బాలు మాత్రం ఫ్రాన్సు నుంచే తెప్పించుకునేవాడు). పెరట్లో కూర్చున్న ముత్తవ్వను చూసి బొమ్మ వేశాడు. గులాబీరంగు నేల, నీలం చెట్లు, ఎర్ర కుక్క, మధ్యలో ఒడిలో చేతులు పెట్టుకుని ఊరికే కూర్చున్న ఆవిడ. దానికి ‘ఏ పనీ లేని స్త్రీ’ అని పేరు పెట్టాడు. ఆ చిత్రం ఇప్పుడు యూరప్‌లో ఏదో మ్యూజియంలో ఉంది. దాన్ని చూసినవాళ్లు ముచ్చటపడి ఓడలెక్కి వైతారా వస్తారు. వచ్చి, ఇక్కడ నేల నల్లగా ఉందేమిటని ఫిర్యాదు చేస్తారు.

ఆ ఫిర్యాదుల్లోంచే కార్యాలయం పుట్టింది. నేల మీద గులాబీ ఇసుక పోయించింది. వాన పడ్డప్పుడల్లా అది సముద్రంలోకి పోతుంది, మళ్లీ పోయిస్తుంది. మామిడిచెట్లకు నీలం పూయించింది. ఊళ్లో ఎర్ర కుక్క దొరక్క, చర్చి పెద్దగారి నల్ల కుక్కకు రంగు వేయించి నెలకో బియ్యం బస్తా మంజూరు చేసింది. ఒకరోజు ఆ కుక్క సముద్రంలో ఈదులాడి తిరిగి నల్లగా వచ్చింది. విధి నిర్వహణలో అలసత్వానికి దాని సంజాయిషీ కోరారు (కుక్క ఇంకా జవాబివ్వలేదు. గడువు పొడిగించారు).

తెహేయా ఇన్నాళ్లూ దేనికీ ఎదురు చెప్పలేదు. ఇంటి ముందువైపు రేకుల మీద మొగలాకు కప్పు వేయమంటే వేసింది. ఉతికిన బట్టలు వెనకవైపు ఆరేసుకోమంటే ఆరేసుకుంది. గొడవ మనవరాలు పుట్టాక వచ్చింది.

కూతురు వైహేరే ఆసుపత్రి నుంచి బిడ్డను ఎత్తుకుని వచ్చింది. కాన్పులో పడిన మాయను తెహేయా మూత బిగించిన డబ్బాలో తెచ్చింది, అందరూ తెచ్చుకున్నట్టే. దాన్ని సొంత నేలలో పూడ్చి, పైన ఒక మొక్క నాటాలి. అప్పుడే బిడ్డకు ఈ నేలలో వేరు ఉన్నట్టు. అది జరగకపోతే పిల్ల ఎక్కడా కాలు నిలవని మనిషవుతుందని తెహేయా భయం. చోటు కూడా ఉంది. ముత్తవ్వ తన కొడుకు కోసం నాటిన సీమపనస, అంటే తెహేయా తాత చెట్టు, నిరుటి తుపానుకు కూలిపోయింది. ఆ గోతిలోనే కొత్త మొక్క నాటాలి.

కానీ చిత్రంలో ఆ చోట చెట్టు లేదు. తాత చెట్టు కూలినప్పుడే కార్యాలయం, ప్రకృతి తనంతట తాను చిత్రాన్ని అనుసరించినందుకు అభినందన తీర్మానం చేసింది. అక్కడ మళ్లీ చెట్టు మొలిపించడమంటే ఆ తీర్మానాన్ని ధిక్కరించడమే.

అనుమతి కోసం తెహేయా పట్నానికి వెళ్లింది. ‘పూడ్చుట’ అన్న మాట చూడగానే ఆమె అర్జీని శ్మశానాల కిటికీకి పంపారు.

“మరణ ధ్రువపత్రం ఏదమ్మా?” అన్నాడు గుమాస్తా.

“ఎవరూ చావలేదు నాయనా. మనవరాలు పుట్టింది.”

“పుట్టినవాళ్లను పూడ్చడానికి రూల్సు ఒప్పుకోవు.”

“నీ నోట్లో దుమ్ము పడ! పిల్లని కాదు, దాంతోపాటు వచ్చినదాన్ని.”

“తోడుగా వచ్చిందా? అయితే సామాను కింద లెక్క. సుంకాల కిటికీకి వెళ్లండి.”

(ఆ గుమాస్తా మాయ కూడా ఏదో ఊళ్లో ఏదో చెట్టు కిందే ఉంటుంది. ఆఫీసు వేళల్లో ఆ సంగతి గుర్తుండదు.)

అర్జీ కిటికీలు తిరుగుతుండగా డబ్బా ఫ్రీజర్‌లో చేపముక్కల డబ్బాల మధ్య కూర్చుంది. ఒక ఆదివారం తెహేయా చర్చి నుంచి వచ్చేసరికి అల్లుడు కొబ్బరిపాలు పిండి, నిమ్మకాయలు కోసి, ఉల్లిపాయ తరిగి, పాట పాడుకుంటూ ఒక డబ్బా మూత తీయబోతున్నాడు.

“ఒరే, అది నీ కూతురి వేరురా!” అని ఆమె పెట్టిన కేకకు ఎర్ర కుక్క కూడా పారిపోయింది.

ఆ రోజు ఆ ఇంట్లో ఎవరూ చేప తినలేదు. తెహేయా మంచమ్మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. బిడ్డ బతుకు నిమ్మకాయ దాకా వచ్చి ఆగిందని ఆమెకు చెప్పలేనంత భయం వేసింది. మర్నాడు తానే సారూప్య పరిశీలకుడికి కబురు పెట్టింది.

పరిశీలకుడి పేరు పునువా. అదే వీధి కుర్రాడు, ఇప్పుడు మెడలో గుర్తింపు కార్డు వేసుకుంటాడు. పటం కట్టించిన చిత్రం నకలును చంకలో పెట్టుకుని వచ్చాడు. గోతి ముందు నిలబడి, పటాన్ని చెయ్యి చాచి పట్టుకుని, ఒక కన్ను మూశాడు.

“ఇక్కడ చెట్టు లేదు పిన్నీ.”

“ఒరే పునువా, నువ్వు పుట్టినప్పుడు నీళ్లు కాచింది నేనేరా. నీ మాయ ఏ చెట్టు కింద ఉందో తెలుసా?”

“తెలుసులే. ఆ మూల మామిడి.”

“దానికే కదరా నువ్వు నీలం పూసింది!”

పునువా పటంలోని నీలం చెట్టు మీద వేలు పెట్టాడు. “అది చిత్రంలో ఉంది పిన్నీ. అదృష్టం బాగుండి అది చిత్రంలో పడింది. నీది పడలేదు.”

“పడింది. ముత్తవ్వ వెనక చూడు.”

“వెనక ఎలా కనబడుతుంది?”

“కనబడదు. ఆవిడ ఖాళీగా కూర్చుందనుకున్నాడా దొర? అప్పుడే నాటిన సీమపనస మొక్కని వీపు వెనక దాచుకుని కాపలా కూర్చుంది. పందులొచ్చి గొయ్యి తవ్వేస్తుంటే మరేం చేస్తుంది? మా తాత మాయ ఉంది అందులో.”

“మరి చిత్రంలో పందులేవి?”

“ఎందుకు వేస్తాడు? అవి ఆయన పెంచుకున్నవే కదా.”

పునువా పటాన్ని తిప్పి వెనకవైపు చూశాడు. అక్కడ అట్ట మాత్రమే ఉంది. తర్వాత సంచిలోంచి నిబంధనల పుస్తకం తీసి చాలాసేపు చదివాడు. అతను చెడ్డవాడు కాడు, ఉద్యోగంలో ఉన్నాడంతే.

“ఒక దారుంది,” అన్నాడు చివరికి. “చిత్రంలో కనబడనిది ఊళ్లో కనబడకూడదు అని ఉంది. ఊళ్లో ఉండకూడదు అని లేదు. చిత్రంలో ‘స్త్రీ’లా కూర్చునే పోస్టు కూడా ఖాళీగానే ఉంది. పోయినసారి కూర్చున్నావిడ టోపీ అల్లుతూ దొరికిపోయింది, తీసేశారు. నువ్వు ముందు కూర్చుంటే మొక్క వెనక ఉండొచ్చు. ఓడ వచ్చిన రోజుల్లో కదలకూడదు.”

“కూర్చుంటా.”

“మొక్క నీ భుజం దాటి పెరిగితే?”

“లేచి నిలబడతా.”

“చిత్రంలో స్త్రీ నిలబడలేదు పిన్నీ.”

“అప్పటికి నా మనవరాలు నిలబడుతుంది. నీ పుస్తకం పట్టుకొచ్చి దాన్నడుగు.”

ఆ సాయంత్రమే మాయను పూడ్చారు. అల్లుడు తలవంచుకుని గొయ్యి సరిచేశాడు. తెహేయా గులాబీ ఇసుకను చేత్తో పక్కకు తోసి, అడుగున ఉన్న నల్లమట్టిని గుప్పిళ్లతో వేసి, సీమపనస మొక్క నాటింది. వైహేరే బిడ్డ పాదాన్ని ఆ మట్టికి తాకించింది. తెహేయా ఈసారి కూడా ఏడ్చింది గానీ, అది సంతోషంతో.

తర్వాతి ఓడ వచ్చిన రోజున ఆమె ముత్తవ్వ కూర్చున్న చోటే కూర్చుంది. వీపు నిటారుగా, చేతులు ఒడిలో. చేతుల కింద ఒక రాయి. యాత్రికులు గులాబీ నేలను, నీలం మామిళ్లను, కొత్తగా రంగు వేసిన కుక్కను ఫొటోలు తీసుకున్నారు. ఇంతలో పక్క కంచె తోసుకుని ఒక పంది వచ్చింది. (అది కార్యాలయ డైరెక్టరుగారి పంది. చిత్రంలో లేనందువల్ల దాని గురించి నిబంధనలేవీ లేవు.) మట్టి వాసన చూసుకుంటూ నేరుగా మొక్క వైపు నడిచింది.

తెహేయా ముఖం తిప్పలేదు. రెప్ప కూడా వేయలేదు. చెయ్యి మాత్రం ఒకసారి వెనక్కి వెళ్లి వచ్చింది. పంది కీచుమని అరిచి కంచెలోకి దూరిపోయింది. ఆ క్షణంలో అందరూ కుక్కను చూస్తున్నారు.

“ఈవిడ రోజంతా ఏం చేస్తుంది?” అని అడిగింది గొడుగు వేసుకున్న ఒక యాత్రికురాలు.

“ఏమీ చెయ్యదండీ,” అన్నాడు గైడు. “వీళ్లంత అదృష్టవంతులు ఇంకెక్కడా ఉండరు.”

యాత్రికురాలు నిట్టూర్చి ఇంకో ఫొటో తీసుకుంది. తెహేయా ఒడిలో ఇప్పుడు రెండో రాయి ఉంది. పునువా పటాన్ని చెయ్యి చాచి పట్టుకుని, ఒక కన్ను మూసి పోల్చి చూసి, నివేదికలో రాశాడు: “స్త్రీ ఏ పనీ చేయడం లేదు. సంతృప్తికరం.”