సర్వర్ గారి సర్వీస్

ఆ రోజు సర్వర్ గారు పెట్టుకున్న పనులు రెండే. తొమ్మిదింటికల్లా ఒక ప్రోగ్రాముని దాని కాళ్ళ మీద నిలబెట్టడం, పదింటికి కంటి పరీక్షకి ఆసుపత్రికి వెళ్ళడం.

సర్వర్ గారంటే ఆ కంపెనీలో కంప్యూటర్లు చూసే ఆయన. ముప్ఫై ఏళ్ళుగా సర్వర్ గదిలోనే కూర్చోవడంతో అసలు పేరు పోయి ఈ పేరు మిగిలింది. కొత్తగా చేరినవాళ్ళు క్యాంటీన్ మనిషనుకునేవారు. మెట్ల కింద గది, కిటికీ లేదు. ఏదైనా ఆగిపోతే తప్ప ఆ తలుపు ఎవరూ తట్టరు. ఆయన పనిమంతుడు కావడంతో ఏదీ ఆగేది కాదు.

ఆ ప్రోగ్రాముని పదకొండేళ్ళ కిందట ఆయనే జావా అనే కంప్యూటర్ భాషలో రాశాడు. ఉద్యోగుల పుట్టినరోజులు, ప్రమోషన్లు, రిటైర్మెంట్లు చూసుకుని అది పొద్దున తొమ్మిదింటికి అందరికీ మెయిల్ పంపుతుంది. చిక్కేమిటంటే, ఎవరో ఒకరు లాగిన్ అయి నల్లటి విండో ఒకటి తెరిచి ఉంచితేనే అది నడుస్తుంది. ఆ ఎవరో ఒకరు రోజూ ఆయనే. త్వరలో జరగబోయే కంటి ఆపరేషన్‌కి వారం సెలవు కావాల్సొచ్చి, తను లేనప్పుడు ఆ విండో ఎవరు తెరుస్తారని అందరినీ అడిగాడు. ఏ విండో అని అడిగారందరూ.

అందుకని దాన్ని విండోస్ సర్వీస్‌గా మార్చేద్దామనుకున్నాడు. అప్పుడిక మనిషి అక్కర్లేదు. కంప్యూటర్ లేస్తే అదీ లేస్తుంది, పడిపోతే నిమిషంలో దానంతటదే మళ్ళీ లేస్తుంది. ఇదంతా ఒక్క దెబ్బతో చేసే స్క్రిప్టు ఆదివారమంతా ఇంట్లో కూర్చుని రాశాడు. ఆదివారాలు ఆయనకి వేరే పనేమీ ఉండదు.

పరీక్షించడానికి ఒక ఉద్యోగి కావాలి. ఇంకొకరి పేరు వాడితే బాగుండదని, రికార్డుల్లో తన రిటైర్మెంటు తేదీనే ఆ రోజుకి మార్చాడు. మెయిల్ తనకొక్కడికే రావాలని సెట్టింగుల ఫైల్లో రాశాడు. స్క్రిప్టు నడిపాడు. సర్వీస్ మొదలైందని తెర మీద వచ్చింది. మిగతాది వచ్చాక చూసుకుందామని ఫోన్ ఆపేసి ఆసుపత్రికి బయల్దేరాడు.

ఆయన మరిచిపోయింది ఒక్కటే. సర్వీస్‌గా నడిచే ప్రోగ్రాము తన ఫోల్డర్లో కళ్ళు తెరవదు, విండోస్ వాళ్ళ ఫోల్డర్లో తెరుస్తుంది. అక్కడ దానికి సెట్టింగుల ఫైలు కనబడలేదు. కనబడకపోతే అందరికీ పంపమని అప్పట్లో ఆయనే రాసిపెట్టాడు. పంపింది. పంపినట్టు జాబితాలో రాసుకుందామంటే జాబితా కూడా దొరకలేదు. పడిపోయింది. నిమిషానికి లేచింది. పంపినట్టు ఎక్కడా లేదు కాబట్టి మళ్ళీ పంపింది.

"మన సిస్టమ్స్ అధికారి సర్వీస్ ఈ రోజుతో ముగుస్తోంది. ఆయన్ని ఆదరంగా సాగనంపుదాం."

ఇరవయ్యో మెయిల్‌కి జనరల్ మేనేజర్ హెచ్చార్ ఆవిడకి ఫోన్ చేశాడు. "అర్థమైందమ్మా, ఎన్నిసార్లు గుర్తుచేస్తారు? మీటింగ్ పెట్టండి, నేనొచ్చి మాట్లాడతాను." ఆ మెయిళ్ళు జనరల్ మేనేజరే పంపిస్తున్నాడని అప్పటిదాకా ఆవిడ అనుకుంటోంది. హడావిడిగా రికార్డు తీసి చూసింది. తేదీ ఇవాళే. గంటలో గోడ గడియారం, పూలగుత్తి తెప్పించింది. ఫైల్లో సర్వర్ గారి దగ్గరివాళ్ళన్న చోట చెల్లెలి నంబరొక్కటే ఉంటే ఆమెకీ కబురు చేసింది.

ఆసుపత్రిలో ఆయన కళ్ళలో చుక్కలు వేశారు. "నాలుగు గంటలపాటు దగ్గరివి కనబడవు. వెంట ఎవరైనా వచ్చారా?" అంది నర్సు.

"బయటున్నారండీ," అని చెప్పి, ఒక్కడే గోడలు తడుముకుంటూ బయటికొచ్చాడు.

ఆఫీసు గుమ్మంలో అడుగుపెట్టగానే చప్పట్లు మోగాయి. ఎవరో చెయ్యి పట్టుకున్నారు. వెలుతురుకి ఆయన కళ్ళు ధారలు కడుతున్నాయి.

"ఏడవకండి సర్వర్ గారూ," అన్నారెవరో. "ఇవాళే ఆఖరి రోజని మాకు చెప్పనే లేదు."

విషయం అర్థం కావడానికి ఆయనకి అర నిమిషం పట్టింది. "అది టెస్టింగండీ. నేను కిందికెళ్ళి సర్వీస్ ఆపాలి."

"చూడండి, ఇవాళ కూడా పనే. ఆ గదిని వదల్లేకపోతున్నారు పాపం." ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని హాల్లోకి నడిపించారు.

జనరల్ మేనేజర్ ఆ కంపెనీకొచ్చి ఆరు నెలలైంది. సర్వర్ గారన్న పేరు వినడమే తప్ప మనిషిని ఎరగడు. "ముప్ఫై ఏళ్ళు మనందరి కడుపులూ నింపిన మనిషి," అని మొదలుపెట్టాడు. హెచ్చార్ ఆవిడ చీటీ అందించాక, "కంప్యూటర్లు కూడా చూశారు," అని ముగించాడు. నిమిషానికోసారి హాల్లో ఫోన్లన్నీ ఒక్కసారిగా టింగుమంటున్నాయి.

తర్వాత అకౌంట్స్‌లో పనిచేసే అమ్మాయి లేచింది. "మా నాన్న పోయారని కబురొచ్చిన రోజు నేను మెట్ల మీద కూర్చున్నాను. ఈయన ఏమీ అడక్కుండా గదిలోంచి కుర్చీ తెచ్చి వేశారు. బండి వచ్చేదాకా పక్కనే నిలబడ్డారు."

ఆయనకది గుర్తే లేదు. ఆ క్షణాన లేచి నిజం చెప్పేయొచ్చు. ఇంకో ఇద్దరు మాట్లాడాక చెబుదాంలే అనుకున్నాడు. ఆ ఇద్దరూ మాట్లాడారు. ఇంకొకరు లేచారు. ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయాడు.

చెల్లెలు వచ్చేసరికి గడియారం కూడా చేతిలో పెట్టేశారు. "రెండేళ్ళ ముందే మాన్పించేశారా అన్నయ్యా? నాతో ఒక్క మాటైనా అనకూడదా?" అంది చెవి దగ్గర.

"లేదమ్మా. నన్ను కిందికి తీసుకెళ్ళు, చెప్తాను."

ఆమె ఆ గది చూడడం అదే మొదలు. "ఇన్నేళ్ళూ ఇందులోనా కూర్చున్నావు?"

"తెర మీద ఉన్నవి వరసగా చదువు."

ఆమె చదువుతూ పోయింది. తన ప్రోగ్రాము పేరు వినబడగానే ఆగమన్నాడు. "దాన్ని నొక్కితే స్టాప్ అని వస్తుంది. అదీ నొక్కు."

నొక్కింది. పైన ఫోన్లు ఊరుకున్నాయి. అప్పుడు జరిగిందంతా ఆమెకి చెప్పాడు. కుర్చీ ఒకటే ఉంటే ఆమె బల్ల మీద కూర్చుంది.

సాయంత్రం హెచ్చార్ ఆవిడకి నిజం చెప్పాడు. ఆవిడ తల పట్టుకుంది. "జనరల్ మేనేజర్ గారి చేత ఉపన్యాసం కూడా ఇప్పించేశాను. ఇప్పుడిది ఎవరికీ చెప్పకండి. రేపు మామూలుగా వచ్చేయండి."

మామూలుగానే వచ్చాడు. తేదీ సరిచేశాడు, స్క్రిప్టులో ఫోల్డరు దారి ఒక్క వరస చేర్చాడు. ఇక ఆ సర్వీస్ తప్పు చేయలేదు. కొన్నాళ్ళు ఆయన మెట్ల దగ్గర ఎదురైతే జనం ఇబ్బందిగా నవ్వేవారు. వీడ్కోలు చెప్పేసిన మనిషితో ఏం మాట్లాడాలో ఎవరికీ తెలియలేదు. తర్వాత నవ్వడం కూడా మానేశారు.

రెండేళ్ళు గడిచాయి. ఆయన నిజంగా రిటైరయ్యే రోజు పొద్దున సరిగ్గా తొమ్మిదింటికి, ఒకే ఒక్కసారి, అందరికీ మెయిల్ వెళ్ళింది. పది నిమిషాలకి గదిలో ఫోన్ మోగింది.

"సర్వర్ గారూ, మీ సర్వీస్ మళ్ళీ మొదలెట్టింది," అంది హెచ్చార్ ఆవిడ. "కాస్త ఆపేస్తారా?"

"సాయంత్రానికి ఆగిపోతుందండీ," అన్నాడాయన.

ఆవిడ థాంక్స్ చెప్పి పెట్టేసింది.