గేటు మేస్త్రి ఆక్సిజన్ వైద్యం

మగవాడి పరువు నిలబడాలంటే రోజుకు గంటన్నర అతన్ని ఇనుప గదిలో కూర్చోబెట్టి తలుపు బిగించాలి! నవ్వకండి. తమిళనాట ఇంట్లో తెలుగే మాట్లాడే కోవిల్‌పట్టి అప్పాసామి ఈ సుఖం అనుభవిస్తున్నాడు.

ప్రోస్టేట్‌కు రేడియేషన్ ఇప్పించుకున్నాక జబ్బు తగ్గింది గానీ, మూత్రం అతని మాట వినడం మానేసింది. భార్య పట్టమ్మాళ్‌తో మాత్రం అంతా నయమైందని అప్పటికే చెప్పేశాడు. చెప్పిన మాట వెనక్కి తీసుకుంటే పరువేం కావాలి? అందుకే మిరప ధర కనుక్కొస్తానని రోజూ విరుదునగర్ బస్సెక్కుతున్నాడు. అక్కడి ఆసుపత్రిలో, గాలి ఒత్తిడి పెంచిన గదిలో ఆక్సిజన్ పీలిస్తే, దెబ్బతిన్న మూత్రాశయం కోలుకోవచ్చని డాక్టరు చెప్పాడు. మొత్తం నలభై సిట్టింగులు.

ఎంత గొప్ప గదండీ! లోపల ఆరుగురు మగవాళ్లు, ఆరు మాస్కులు. నీకేం జబ్బని ఎవరూ అడగలేరు. సీటు పక్కనే మూత్రానికి సీసా కూడా ఉంటుంది. కోవిల్‌పట్టి బస్సులో ఆ మర్యాద ఉందా?

పైగా అప్పాసామికి అది పుట్టిల్లు. వెంబకోట్టై బాణసంచా ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు, లోపలికొచ్చేవాళ్ల జేబులు తడిమే గేటు మేస్త్రిగా చేశాడు. నూలు బట్టలే కట్టాలి, అగ్గిపెట్టె కూడదు, ఫోన్ కూడదు. ఇక్కడా అవే నియమాలు! మొదటి రోజే అలవాటు కొద్దీ తలుపు దగ్గర నిలబడి తోటి రోగులందర్నీ తడిమేశాడు. సుడలై అనే పెద్దాయన కట్టుకున్న వేష్టి పంచె మడతలోంచి అగ్గిపెట్టె లాగాడు. టెక్నీషియన్ సంగవి తెల్లబోయింది.

"నా చెయ్యి దాటి ఒగ పుల్ల పోలేదమ్మా" అన్నాడు.

పదో రోజు ఇంటికి రాగానే పట్టమ్మాళ్ అడిగింది.

"మిరప ధర ఎట్లుండాది?"

"ఏరిండాది... కాదు, దిగిండాది."

ఆమె సంచిలోంచి తడి వేష్టి తీసి బకెట్లో వేసింది.

"ముప్పై ఏండ్లు ఊరోళ్ల జోబులన్నీ తడివితిరే. మీ సంచిలో దినమూ రెండో వేష్టి ఎవురు పెడతా ఉండారని ఒగ నాడన్నా చూస్తిరా? ఉతికేదాన్ని, నాకు తెలీదా?"

అప్పాసామికి సిగ్గేసింది. అంతకు రెట్టింపు హాయిగానూ అనిపించింది.

మర్నాడు బస్సులో సంచి పట్టమ్మాళ్ ఒళ్లో ఉంది. సాత్తూరు దాటగానే ఆమె కండక్టర్ని పిలిచి, తమిళంలో, బస్సంతా వినేట్టు చెప్పింది: మా ఆయనకు మూత్రం ఆగదు, రెండు నిమిషాలు ఆపయ్యా.

బస్సు ఆగింది. అప్పాసామి లేచేలోపే నలుగురు మగవాళ్లు అతన్ని తోసుకుంటూ దిగిపోయారు.