గంజి తాగిన తివాచీలు

ఆ ఆదివారం పొద్దున రామాంజి వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య హేమలత మధ్యాహ్నం బస్సుకు నందవరం నుంచి దిగేలోపల, తెచ్చిన రెండు తివాచీల్లో ఒకటి ఎంచాలి. రెండోది ఆదోని కొట్టుకు తిరిగి పంపాలి. అంతే.

హేమలత పుట్టింటికి పోవడానికి కారణం వాళ్లింటి నాపరాళ్లు. నిలబడటం నేర్చుకుంటున్న చంటోడు తేజ ఆ రాళ్ల మీద పడి పడి, నుదుటి మీద ఒక బొప్పి తగ్గకముందే ఇంకోదాన్ని లేపుతున్నాడు. "కింద మెత్తగా ఏమన్నా పరిస్తేనే ఈ ఇంట్లో ఉంటాం. ల్యాకుంటే వాడు పెండ్లికొడుకయ్యేదాకా మాయమ్మకాడ్నే పెరుగుతాడు" అని చెప్పి పోయింది. హేమలత బెదిరించే మనిషి కాదు. ముందే సమాచారం ఇచ్చే మనిషి.

ఆదోని కొట్టాయన రెండు రకాలు ఇచ్చి పంపాడు, ఒకటి మీగడ రంగు, ఒకటి మట్టి రంగు. "పరిచి సూసుకోప్పా. మరక పడిందా, ఇంక అది నీదే" అన్నాడు. రామాంజి ఇంట్లో ఆరేళ్ల కూతురు స్వప్న ఉంది. కుక్క ఉంది, పిల్లి ఉంది, స్వప్న తన తమ్ముడి కంటే గారాబంగా పెంచుతున్న మేకపిల్ల ఉంది. అందరి కాళ్లూ కడిగి, తుడిచి, రెండింటి మీదా నడిపించి, ఎవరి బొచ్చు దేని మీద కనపడదో చూసి ఎంచుకోవాలనుకున్నాడు. సెల్‌ఫోన్లకు అద్దాలు మార్చే అంగడి నడిపేవాడు కాబట్టి, ఏదైనా పగలకముందే పరీక్షించాలని అతనికి నమ్మకం.

ఇంట్లో పరుద్దామంటే సగం ఇల్లు నాయన శంకరప్ప మగ్గమే. అందుకని రెండింటినీ ఒకదాని కొసకు ఒకటి ఆనించి వీధిలో పరిచాడు.

ఎమ్మిగనూరు మగ్గాలోళ్ల వీధిలో పొద్దున్నే పొడుగ్గా ఏదైనా పరిస్తే దానికి ఒకటే అర్థం: పడుగు. చీర నేసేముందు దారాలన్నీ వీధిలో సాగదీసి, గంజి పెట్టి, ఆరబెడతారు. దాన్ని తొక్కకూడదు, దాటకూడదు. ఆ వీధిలో దేవుడి ఊరేగింపయినా పడుగు ఆరేదాకా ఆగవలసిందే.

"రా రా, నడువు!" అని రామాంజి కుక్కను పిలిచాడు.

కుక్క తివాచీ అంచున కూర్చుని అటువైపు చూసింది. పడుగు తొక్కితే వీపు మీద ఏం పడుతుందో అది తల్లిపాలతోనే నేర్చుకుంది. పిల్లి గోడెక్కింది. మేకపిల్ల బొత్తిగా కళ్లు మూసుకుంది.

"పాపా, నువ్వన్నా నడువమ్మా."

"నేను తొక్కను. తాత సంపుతాడు."

"ఇది పడుగు కాదు. కార్పెట్టు. తొక్కనీకే తెచ్చినా."

"తొక్కనీకే తెస్తే వీదిలో ఏంటికి పరిచినావ్?" అంది స్వప్న.

ఇంతలో ఒక ఆటో వచ్చి, చూసి, మర్యాదగా వెనక్కి పోయింది. పాలాయన బండి ఆపి, క్యాను నెత్తిన పెట్టుకుని గోడవారగా నడిచిపోయాడు. ఎదురింటి హులిగమ్మ కోళ్లను గంప కింద మూసింది. అందరూ ఇంత సాయం ఎందుకు చేస్తున్నారో రామాంజికి అర్థం కాలేదు. బస్సు వేళ కావడంతో "నాయనా, జర సూస్తాండు" అని బస్టాండుకు పరుగెత్తాడు.

శంకరప్ప నిన్నటి నుంచి కొడుకుతో మాట్లాడటం లేదు. పుట్టిందగ్గర్నుంచీ నేసినవాడి ఇంటికి మిషన్‌లో పుట్టిన గుడ్డ వచ్చిందని వీధికి తెలిస్తే తలెత్తుకోలేడు. సరిగ్గా అప్పుడే పక్కింటి మల్లన్న వచ్చాడు. మల్లన్నకు చూపు కొంచెం తక్కువ, ఉత్సాహం చాలా ఎక్కువ.

"ఏం శంకరప్పన్నా, పడుగు పరిచి మాకొక మాట సెప్పల్యా?"

శంకరప్ప ఆకాశం చూశాడు. నేల చూశాడు. "మావోడు మళ్లా మగ్గమెక్కుతాండాడు" అన్నాడు.

"రామాంజా! సెల్లులు ఇడిసిపెట్టా?"

"ఊ."

మల్లన్న వంగి తడిమాడు. "నూలేందన్నా, గొర్రె మాదిరుంది?"

"కొత్త రకం. పట్నంలో ఇదే నడుస్తాంది."

అంతే, వీధి లేచింది. హులిగమ్మ పెద్ద డేగిశాలో గంజి కాచింది. ముసలివాళ్లు అటకల మీది కుంచెలు దింపారు. ఎంత పెట్టినా తివాచీలు తాగుతూనే ఉన్నాయి. "ఇంత ఆకలి నూలు నేనెప్పుడూ సూళ్లేదు" అన్నాడు మల్లన్న. ఇంటింటి నుంచీ గంజి వచ్చింది. కర్రలు నాటి, తాళ్లతో బిగలాగి కట్టారు. ఎమ్మిగనూరు ఎండ తన వంతు పని తాను చేసింది. ఆ వేడికి చూస్తూ నిలబడ్డవాళ్లు కూడా కొంచెం బిగుసుకున్నారు.

చేతిలో సంచితో రామాంజి, చంకలో తేజతో హేమలత, వీధి మలుపు తిరిగేసరికి జనం ఎదురొచ్చారు.

"మంచి పని జేసినావప్పా!" అన్నాడు మల్లన్న, చేతులు పట్టుకుని.

"బిడ్డ కోసరమే మల్లన్నా" అన్నాడు రామాంజి, కొంచెం సిగ్గుపడి.

"ఆహా! అప్పుడే బిడ్డ గురించి గూడా ఆలోసించినాడు" అని హులిగమ్మ కళ్లొత్తుకుంది. "తొలి సీర నాకే ఇయ్యాల నాయనా."

ఏ చీరో రామాంజికి తెలియలేదు. ముందుకుపోయి, తాళ్లు విప్పి, మీగడ రంగు తివాచీ ఒక మూల పట్టి ఎత్తాడు. మిగిలిన మూడు మూలలూ కూడా లేచాయి. వేలితో కొట్టి చూశాడు. లోపలెవరైనా ఉంటే తలుపు తీసేవాళ్లే.

"నాయనా, ఏందిది?"

"గంజి రవ్వంత ఎక్కువైనట్టుంది" అన్నాడు శంకరప్ప.

"ఇదేనా నువ్వు తెచ్చిన మెత్తనిది?" అంది హేమలత. "నందవరం బస్సు ఇంకా ఆన్నే ఉంటాది. సంచి ఇట్లియ్యి." సంచి అందుకోవడానికి తేజను కిందికి దింపింది. దింపింది తివాచీ మీద.

"తొక్కొద్దు!" అని వీధి మొత్తం ఒక్కసారి అరిచింది.

ఆ అరుపుకు తేజ బెదిరి ఒక అడుగు ముందుకేశాడు. పట్టుకుందామంటే పడుగు తొక్కాలి. అందువల్ల ఎవరూ కదలకుండా ఇంకా గట్టిగా అరిచారు. వాడు ఇంకో అడుగు వేశాడు. ఇటువైపు అరిస్తే అటు, అటువైపు అరిస్తే ఇటు, ఊగుతూ, పడకుండా, మీగడ రంగు దాటి, మట్టి రంగు దాటి, ఆ కొసన నిలబడ్డ తాత పంచె పట్టుకున్నాడు.

హేమలత చేతిలో సంచి జారిపోయింది. "నడిచినాడు" అంది, తనకే నమ్మకం లేనట్టు.

"మెత్తగుంటే కాలు దిగబడి పడేవాడు" అన్నాడు శంకరప్ప, మనవణ్ణి ఎత్తుకుంటూ. "కింద గట్టిగుండాల. అందుకే గంజి పెట్టించినా."

మల్లన్న తికమకపడ్డాడు. "మరి మగ్గమో?"

శంకరప్ప కొడుకు వైపు చూశాడు. నిన్నటి నుంచి అదే మొదటిసారి. ఆ చూపులో కోపం లేదు, కాస్త భయం ఉంది. రామాంజి గొంతు సవరించుకున్నాడు.

"పొద్దున పూట కూసుంటా మల్లన్నా. అంగడి తీసేదాకా."

హేమలత సంచి ఎత్తుకుని ఇంట్లోకి నడిచింది. గడప దగ్గర వెనక్కి తిరిగింది. "వానికి నడకొచ్చె. ఇంక కార్పెట్లు ఎవరికి? రెండూ వాపసు పంపు."

కొట్టాయన వచ్చి చూసి, మరకలు లేవని నిజాయితీగా ఒప్పుకున్నాడు గానీ, ఎంత ప్రయత్నించినా వాటిని చుట్టలేకపోయాడు. అవి ఇప్పుడు రామాంజి పెరటి వాకిలికి రెండు రెక్కల తలుపు. వానాకాలంలో మాత్రం గడియ పడదు.